అదార్కో అంటున్నాడు

మంగళవారం పొద్దున్నే ట్రోట్రో బండి ఎక్కుతూ అదార్కో కుడి కంటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కంట్లో ఏమీ పడలేదు. కుమాసీ ఆసుపత్రిలో మనసు డాక్టరమ్మ గదీ, కళ్ళ డాక్టరు గదీ ఒకే వరండాలో ఉంటాయట. ఎవరైనా చూస్తే కళ్ళకని చెప్పుకోవచ్చని ముందునుంచే సాధన చేస్తున్నాడు.

"ఆ చెయ్యి తియ్యరా," అంది అక్క ఫ్రెమా, పక్క సీట్లో సర్దుకుని కూర్చుంటూ. "కళ్ళకలక అనుకుని డ్రైవరు దింపేస్తాడు."

ఫ్రెమా మా అడుబిరెం సంతలో నత్తలు అమ్ముతుంది. సంతలో ఆమెతో బేరమాడి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు. ఆ రోజు నత్తల బుట్ట కోడలికి అప్పగించి, పండగలకి కట్టుకునే నీలం బట్ట కట్టుకుని వచ్చింది. తమ్ముడికి ఒంట్లో బాగోలేదని కాదు, తమ్ముడి తరఫున మాట్లాడటానికి. పనిబడి ఇంకొకరి గడప తొక్కి, తన గోడు తన నోటితోనే వెళ్ళబోసుకునేవాణ్ణి మా ఊళ్ళో తలమాసినవాడి కింద జమకడతారు. పిల్లనడగడానికైనా, క్షమాపణ చెప్పుకోవడానికైనా పక్కన ఒక నోరు ఉండాలి.

అదార్కోకి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు, అతని వృత్తే అది. ఊరి చీఫ్‌కి అతను ఒచామే. చీఫ్‌ని నానా అంటారు, ఆయన పదిమందిలో గొంతెత్తి మాట్లాడరు. చెవిలో నాలుగు ముక్కలు అంటారు, ఒచామే బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకుని ఆ నాలుగింటినీ నలభై చేసి జనానికి వినిపిస్తాడు. జనం చెప్పుకునేది కూడా అతని నోటి మీదుగానే నానా చెవికి చేరాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని, ఎక్కడా ఒక్క సామెత తప్పింది లేదు.

అలాంటివాడికి గొంతు పట్టేసింది. ఆరు వారాలకోసారి ఆదివారం నానా లోగిలిలో జరిగే అక్వాసిదే పండుగల్లో, కిందటి రెండింట్లోనూ జనం ముందు లేవగానే గుండె దడదడలాడి, చేతులు చెమటలు పట్టి, గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టయింది. మొదటిసారి దగ్గి నెట్టుకొచ్చాడు. రెండోసారి మాట మధ్యలో ఆగిపోతే, నానా పెద్దల్లో ఒకడైన అంపెం లేచి, అతని చేతిలోంచి కర్ర లాక్కుని, అతని కింద పని నేర్చుకుంటున్న చిన్న ఒచామేకి ఇచ్చాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. "చీఫ్ మాటని వంకర తిప్పినవాడి గొంతే అలా పట్టేస్తుంది," అని అంపెం అందరికీ వినబడేలా అన్నాడు. ఈ ఆదివారం మూడో పండుగ. ఈసారి కూడా ఆగితే కర్ర పూర్తిగా పోయినట్టే. గుండె డాక్టరు తీగలన్నీ తగిలించి చూసి, గుండె గుర్రంలా ఉందని చెప్పి, మనసు డాక్టరమ్మకి చీటీ రాసిచ్చాడు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నారో లేదో, ఒక కంటికి కట్టుతో మా ఊరి బడి పంతులు ఎదురుపడ్డాడు.

"ఒచామే! మీకూ కళ్ళేనా?"

"కళ్ళే."

"ఏ కన్ను?"

అదార్కో కుడి అన్నాడు. ఆ క్షణంలోనే ఫ్రెమా ఎడమ అంది. పంతులు తన ఒంటి కన్నుతో ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

గదిలో మంచం లేదు, మందు వాసన లేదు. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ గడియారం, కాగితపు రుమాళ్ళ పెట్టె. డాక్టరమ్మ పేరు డుఫీ. ముప్పై దాటి ఉండదు. లేచి ఎదురొచ్చి, కూర్చోమని, ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, వాళ్ళు తాగి కప్పులు పెట్టేదాకా ఏమీ అడగలేదు. ఆ తర్వాతే అంది: "ఇక్కడంతా క్షేమం. మీ రాకకి కారణం సెలవియ్యండి."

"పెంపకం ఉన్న పిల్లే," అంది ఫ్రెమా తమ్ముడి చెవిలో, గదంతా వినబడేలా. లేచి బట్ట సవరించుకుంది. "మేం చెడు వార్త మోసుకు రాలేదు. నేను మా తమ్ముడి నోటిని. నీ తరఫున ఎవరమ్మాయ్ మాట్లాడేది?"

"నాకెవరూ లేరు పెద్దమ్మా. ఈ గదికి ప్రభుత్వం నన్నొక్కదాన్నే ఇచ్చింది."

"అయ్యో పాపం," అని నిజంగానే జాలిపడి ఫ్రెమా మొదలుపెట్టింది.

డుఫీ రాత్రిళ్ళు నిద్ర ఎలా ఉందని అడిగింది. అదార్కో అక్క చెవిలో "రెండు మూడు గంటలు" అన్నాడు. ఫ్రెమా గొంతు సవరించుకుని, "కోడి ఇంకా కలలు కంటుండగానే చాప నన్ను తోసేస్తోంది అంటున్నాడు," అంది. డుఫీ కలం పైకెత్తి, "అంటే ఎన్ని గంటలు పెద్దమ్మా?" అంది. ఆకలి ఎలా ఉందంటే, "ఫూఫూ ముద్ద గొంతు దాకా వచ్చి, లోపల ఎవరున్నారని అడిగి వెనక్కి పోతోందట." అచ్చు కాగితం మీద ఏడు ప్రశ్నలు ఉన్నాయి. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు కంగారుగా ఉంది, ఎన్ని రోజులు ఏదో ఘోరం జరగబోతోందనిపించింది, అలాంటివి. ఒక్కొక్కదానికీ సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె చెప్పాలి. ఫ్రెమా అంకెకొక సామెత కలిపింది. ఏడు ప్రశ్నలకి ఇరవై నిమిషాలు పట్టింది.

"మా గుళ్ళో పూజారి గడపలో కాలు పెట్టగానే రోగం పేరు తనే చెప్తాడు," అంది ఫ్రెమా కాస్త అలసిపోయి. "నువ్వేంటమ్మాయ్, అన్నీ మమ్మల్నే అడుగుతావు?"

"నాకు అంత శక్తి లేదు పెద్దమ్మా. అడిగి తెలుసుకోవడమే నా చదువు." డుఫీ కాగితం పక్కన పెట్టింది. "ఇప్పుడు కాసేపు ఒచామే గారితో ఒంటరిగా మాట్లాడాలి. ఆయన చెప్పింది ఈ గడప దాటదు. ఆయన ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే తప్ప మీక్కూడా చెప్పను, నానాకి కూడా చెప్పను. ఆయనకి ఇష్టమైతేనే."

"నోరు బయటికి పోతే మనిషి ఏం మాట్లాడతాడు?"

ఇద్దరూ అదార్కో వైపు చూశారు. అతను కాళ్ళ చెప్పులు చూసుకుంటూ తల ఊపాడు. ఫ్రెమా బట్ట విదిలించుకుని లేచింది. "తలుపు పక్కనే ఉంటా," అంది. డుఫీ నవ్వుతూ, వరండా చివర బెంచీకి నీడ బాగుంటుందని చెప్పి అక్కడిదాకా దిగబెట్టి వచ్చింది.

డుఫీ తన కుర్చీలో కూర్చుంది. అదార్కో నోరు తెరిచాడు, మూశాడు. అతని వాక్యాలన్నీ "నానా అంటున్నారు" అని మొదలవుతాయి. "నేను" అని మొదలుపెట్టిన వాక్యం పదిమంది ముందు ఒక్కటి కూడా అన్న గుర్తు లేదు. ఆ మాట తర్వాత ఏం రావాలో అతనికి తెలియలేదు. అయిదు నిమిషాలు గడిచాయి. డుఫీ తొందరపెట్టలేదు, కాగితాలు సర్దలేదు, గడియారం వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆమె లేచి, ఫ్రెమా ఖాళీ చేసిన కుర్చీని అతని పక్కకి జరిపింది.

"ఇక్కడ ఒక పెద్దమనిషి కూర్చున్నారు. పేరు అదార్కో. ఆయన పైకి మాట్లాడలేరు. మీరు ఒచామే కదా, ఆయన మీ చెవిలో ఏం చెప్తున్నారో నాకు వినిపించండి."

అదార్కోకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, అలవాటు చొప్పున చెప్పులు విడిచాడు, భుజం మీది బట్ట కిందికి జార్చాడు, ఖాళీ కుర్చీ వైపు వంగి చెవి ఒగ్గాడు. లేచి నిలబడేసరికి అతని కళ్ళలో నీళ్ళున్నాయి.

"అదార్కో అంటున్నాడు..." అని ఆగాడు. గొంతు పట్టలేదు. "అదార్కో అంటున్నాడు, పొకువా అనే ఆవిడ ఉందట. మొగుడు పోయాడు. ఇద్దరూ కలిసి వేసిన కోకో తోట పంచాయితీకి వచ్చిందట. ఆచారం ప్రకారం మేనల్లుడికి పోవాలి, ఆ మేనల్లుడు అంపెం ఇంటివాడు. నానా చెవిలో అన్నది ఒకటే ముక్క: 'తోట మేనల్లుడిది.' అంతే. అదార్కో దానికి తేనె పూశాడట. చెట్టు నీడ నాటిన చేతిని మరిచిపోదన్నాడట, నది పక్కకి తిరిగినా ఒడ్డుని తడుపుతూనే ఉంటుందన్నాడట. ఆవిడ రెండు చేతులూ జోడించి, థాంక్స్ చెప్పి వెళ్ళిందట. తోట పోయిందని ఆవిడకి తెలియలేదు. నాలుగు నెలలయింది. ఇప్పటికీ పొద్దున్నే వెళ్ళి ఆ తోటలో కలుపు తీస్తోంది. ఆ దారిన పోవడం అదార్కో మానేశాడట."

"ఆయన ఇంకేమన్నా అంటున్నారా?"

"తీర్పుకి ఎదురు చెప్పుకోవాలంటే మూడో అక్వాసిదే దాకానే గడువు అంటున్నాడు. తర్వాత ఇక మారదు, అది రాతి మీద గీత."

డుఫీ అతన్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. అప్పుడు చెప్పింది: "ఊళ్ళో యుద్ధం లేకుండానే మీ లోపల యుద్ధపు డప్పు మోగుతోంది ఒచామే గారూ. ఆ మోత వల్ల గుండె ఆగదు, పిచ్చీ ఎక్కదు. అది మోగినప్పుడల్లా మీరు దగ్గుతున్నారు, కూర్చుంటున్నారు, దారి మార్చి పోతున్నారు. దాంతో కొట్టేవాడికి ఇంకా హుషారొస్తోంది. ఆపమని బతిమాలకండి, పారిపోకండి. నిలబడి ఊపిరి మెల్లగా వదులుతూ వినండి. చేతులు నొప్పెట్టి వాడే తగ్గిస్తాడు."

"సూదైనా వెయ్యవా తల్లీ?"

"వెయ్యను. రాత పని ఇస్తాను." ఒక చిన్న నోటుబుక్కు చేతిలో పెట్టింది. రోజూ ఎవరో ఒకరి ముందు నిలబడి మాట్లాడాలి, ముందు ఒకరు, తర్వాత ముగ్గురు, తర్వాత పదిమంది. డప్పు ఎంత మోగిందో పదికి ఎన్నో రాసుకురావాలి. "ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఆదివారానికి నయమైపోతుందని అబద్ధం చెప్పను. ఈ వారం మాత్రం శుక్రవారం కూడా రండి."

"మరి పొకువా సంగతి నన్నేం చెయ్యమంటావు?"

"అది నేను చెప్పేది కాదు. తేల్చుకోవాల్సింది మీరు. ఇక్కడ కూర్చుని పైకే ఆలోచించుకోవచ్చు."

తిరుగు బండిలో ఫ్రెమా ఒక్క క్షణం ఆగలేదు. "ఏమందిరా?"

"గడప దాటకూడదుట."

"గడప దాటి పన్నెండు మైళ్ళొచ్చాం. ఇప్పుడు చెప్పు."

అదార్కో కిటికీలోంచి బయటికి చూసి నవ్వాడు. తమ్ముడు నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో ఫ్రెమా లెక్క కట్టుకుంది, ఆ లెక్కలో పడి అడగడం మరిచిపోయింది.

అదార్కో భార్య కూతురి పురిటికని వెళ్ళి రెండు వారాలయింది. ఇంట్లో వినేవాళ్ళు లేరు. అందుకని బుధవారం అక్కని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి పండుగ స్వాగతం మొత్తం చెప్పాడు. పుస్తకంలో "నాలుగు" అని రాశాడు. గురువారం మంగలి కొట్లో ముగ్గురి ముందు లేచి, ఊరి బావి మోటారు గురించి మాట్లాడాడు. గడ్డం సగం గీసి ఉంది. నోట్లో నురుగు పడింది, డప్పు ఏడు దాకా పోయింది, అతను నిలబడ్డాడు, ఏడు అయిదయింది. మంగలి కత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఒచామే, సగం గడ్డంతో ఇంత బాగా మాట్లాడారు, రెండో సగం కూడా వదిలెయ్యమంటారా?" అన్నాడు.

శుక్రవారం ఫ్రెమా డాక్టరమ్మకి అరచేతి వెడల్పు నత్తలు బుట్టెడు తెచ్చింది. కానుకలు తీసుకోకూడదన్నది ఇక్కడి నియమమని డుఫీ ఎంతో మర్యాదగా చెప్పింది. "నత్త కానుకేంటమ్మాయ్, నత్త కూర," అని ఫ్రెమా అలిగి, బుట్ట నెత్తిన పెట్టుకుని వరండా చివరికి పోయింది. అరగంటలో కళ్ళ రోగులకి సగం బుట్ట అమ్మేసింది.

లోపల డుఫీ నోటుబుక్కు అంకెలన్నీ చూసి, "ఆదివారం ఏమవుతుందని భయం?" అంది.

"గొంతు ఆగుతుంది."

"ఆగితే?"

"కర్ర పోతుంది."

"పోతే?"

కర్ర పోతే పరువు పోతుందనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు నోటికి ఆ మాట రాలేదు. ఖాళీ కుర్చీ వైపు చూశాడు, ఈసారి దాని వైపు వంగలేదు. "కర్ర నా చేతిలో లేకపోతే," అన్నాడు, "పొకువాకి చెప్పేవాడుండడు. నేను చెప్పాలి." చెప్పి, ఆ వాక్యం ఎలా మొదలయిందో గమనించుకుని తనే ఉలిక్కిపడ్డాడు. డుఫీ కూడా గమనించింది కానీ పైకి అనలేదు.

ఆదివారం నానా లోగిలి కిక్కిరిసిపోయింది. పెద్ద గొడుగు కింద నానా, కుడివైపు పెద్దలు, అందరికంటే ముందు అంపెం. చిన్న ఒచామే చేతులు తుడుచుకుంటూ సిద్ధంగా ఉన్నాడు. ఎడమవైపు సంత ఆడవాళ్ళలో ఫ్రెమా, నాలుగు వరసల వెనక పొకువా. డప్పులు ఆగాయి. నానా అదార్కో చెవిలో స్వాగతం చెప్పమన్నారు.

అదార్కో లేచాడు. లోపలి డప్పు ఒక్కసారిగా తొమ్మిదికి ఎక్కింది. నాలుక అంగిటికి అంటుకుపోయింది. జనం గుసగుసలు మొదలయ్యాయి. అంపెం సగం లేచి కర్ర కోసం చెయ్యి చాపాడు. అదార్కో కర్ర ఇవ్వలేదు. దగ్గలేదు. నిలబడి మెల్లగా ఊపిరి వదిలాడు. చెమట ముక్కు చివరి నుంచి బొట్టుబొట్టుగా కారుతోంది, తుడుచుకోలేదు. ఎంతసేపని, పొయ్యి మీద నీళ్ళు కాగేంతసేపు అలా నిలబడ్డాడు. తొమ్మిది ఎనిమిదయింది. ఎనిమిది ఆరయింది.

"నానా మీకు స్వాగతం అంటున్నారు," అన్నాడు. ఇంకో ఊపిరి. "ఇక ఇప్పుడు మాట్లాడేది నానా కాదు. నేను. అదార్కోని."

ఒచామే కర్ర పట్టుకుని సొంత మాట అనడం మా ఊళ్ళో ఎవరూ వినలేదు. అంపెం నోరు తెరిచాడు కానీ అందులోంచి ఏమీ రాలేదు.

"పొకువా అక్కా, నాలుగు నెలల కింద నీ తోట తీర్పు నేను చెప్పాను. నీకు అర్థం కాకుండా చెప్పాను. నానా తప్పు లేదు, నా నాలుకదే తప్పు. ఇప్పుడు పొడిగా చెప్తున్నా, తోట నీ మొగుడి మేనల్లుడికి వెళ్ళింది. ఎదురు చెప్పుకోవడానికి ఇవాళే ఆఖరు."

పొకువా లేచింది. పొట్టి మనిషి, లేచినా కూర్చున్నట్టే ఉంది.

"అర్థం కాకపోవడానికి నాకేమన్నా చెవుడా ఒచామే? నువ్వు నది అన్నప్పుడే తోట పోయిందని తెలిసింది. ఇచ్చేవాళ్ళు నదుల గురించి మాట్లాడరు."

అదార్కో తెల్లబోయాడు. "మరి చేతులెందుకు జోడించావు?"

"తీర్పు విని జోడించకపోతే గొర్రె జరిమానా. నా దగ్గర గొర్రె లేదు." జనం గొల్లుమన్నారు.

"మరి రోజూ వెళ్ళి కలుపెందుకు తీస్తున్నావు?"

"తీర్పు నాకు చెప్పారు గానీ చెట్లకి చెప్పలేదు కదా. కలుపు కమ్మేస్తుంటే చూస్తూ ఊరుకుంటానా, నా చేత్తో నాటినవాటిని?" ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఎదురు చెప్పుకోవాలనే ఉంది. నా తరఫున లేచి మాట్లాడేదెవరు? మొగుడి వైపువాళ్ళు లేవరు. నావాళ్ళు రెండు జిల్లాల అవతల. నువ్వేమో నానా నోరువి. నా నోరు ఎవరు?"

నాలుగు నెలలు అదార్కో తన తేనె మాటలు ఆ మనిషిని మోసం చేశాయని కుమిలిపోయాడు. ఆ తేనె ఎవరి చెవికీ అంటలేదు. ఆమెకి అన్నీ అర్థమయ్యాయి, ఆమె కోసం లేచినవాళ్ళే లేరు. ఇదైతే వినడానికి ఇంకా కష్టంగా ఉంది, కానీ గొంతులో గుడ్డ కుక్కే కష్టం కాదు.

సంత ఆడవాళ్ళ వరసలో నీలం బట్ట కదిలింది. "నేనున్నా," అంది ఫ్రెమా, నడుము బిగించుకుని ముందుకొస్తూ.

"నత్తలమ్ముకునేదానివి, నువ్వు పంచాయితీలో మాట్లాడతావా?" అన్నాడు అంపెం, నోరు దొరికి.

"మొన్న కుమాసీలో పెద్ద డాక్టరమ్మ ముందు మాట్లాడి వచ్చా. ఏడు ప్రశ్నలు. నువ్వు ఒక్కటడుగు చూద్దాం!" అని, అన్నాక నాలిక్కరుచుకుంది.

"కళ్ళ డాక్టరే కదూ?" అన్నాడు పంతులు వెనక నుంచి, సాయం చేద్దామని.

"కళ్ళు కాదు," అన్నాడు అదార్కో. "మనసుకి. ఇంకా ఏడు వారాలు వెళ్ళాలి."

నానా వేలితో పిలిచారు. అదార్కో వంగి చెవి ఒగ్గాడు. నానా చెప్పడానికి చాలాసేపు తీసుకున్నారు, చెప్పింది మాత్రం కొంచెమే. కర్ర పోతుందా ఉంటుందా అని చిన్న ఒచామే మెడ చాచాడు. అదార్కో లేచి నిలబడ్డాడు. నాలుక చివర మూడు సామెతలు వరసకట్టి నించున్నాయి. వాటిని పోనిచ్చాడు.

"'విందాం' అంటున్నారు నానా."

అంపెం కూర్చున్నాడు. పొకువా ఫ్రెమా చెవి అందుకోవడానికి మునివేళ్ళ మీద లేచింది. విన్నంతసేపు ఫ్రెమా తల ఊపింది, ఆ తర్వాత గొంతు సవరించుకుని గొడుగు వైపు తిరిగింది.

"పొకువా అంటోంది: నానా, మట్టికి నాలుక లేదు గానీ గుర్తులుంటాయి, మొలక తల్లిని ఎరుగుతుంది, వానకి ముందు ఎండలో వంగిన నడుముకి ఆకాశమే సాక్షి, పద్దెనిమిదేళ్ళ కింద ఒక గంపలో..."

అదార్కో చివరిదాకా ఓపికగా విన్నాడు. లోపల డప్పు నాలుగు మీద మోగుతూనే ఉంది, మోగనిచ్చాడు. తర్వాత నానా వైపు వంగాడు.

"నానా, ఆ చెట్లు ఆవిడే నాటిందట."